వాట్లు సరే, ఎద్దు మేత తిన్నదా?

ఈ మధ్య మన సాఫ్ట్‌వేర్ జనాలకి సైకిల్ పిచ్చి బాగా ముదిరింది. 2023లో హైదరాబాద్ ఔటర్ పక్కన సోలార్ కప్పుతో 23 కిలోమీటర్ల ట్రాక్ వేశాక మరీనూ. సైకిల్ కొన్న ఆర్నెల్లకి పవర్ మీటర్, ఆ వెనకే దాని లెక్కలు చూసుకోడానికో సాఫ్ట్‌వేర్. నేనూ ఆ తానులో ముక్కనే.

ముందు దాని గొప్ప చెప్పాలి. మాది కోడూరు. దివిసీమలో ఎత్తులెక్కడివండీ, వంతెన ఎక్కితే అదే మాకు కొండ. కానీ గాలుంది. సాయంత్రం హంసలదీవి వైపు వెళ్తుంటే సముద్రం గాలి ఎదురుకొట్టి గంటకి 20 దాటనివ్వదు. తిరిగొచ్చేటప్పుడు అదే గాలి వీపున తోస్తే 30. వేగం నమ్ముకుంటే వెళ్ళేటప్పుడు సోంబేరిని, వచ్చేటప్పుడు వీరుణ్ణి! పవర్ మీటర్ మాత్రం రెండుసార్లూ 150 వాట్లే అంటుంది. నిజంగా గాలి లేని రోజున 20 నుంచి 30కి పెంచాలంటే, గాలిని నెట్టడానికే మూడు రెట్లకి పైగా పవర్ కావాలి. ఆ పవర్ వేగానికి ఘనంలో పెరుగుతుంది మరి.

ఇక సాఫ్ట్‌వేర్ సంగతి. సుమారు గంటసేపు నిలబెట్టగలిగే గరిష్ఠ పవర్‌ని ఎఫ్‌టీపీ అంటారు. దానితో గంట తొక్కితే 100 మార్కులు. ఈ మార్కులకి 42 రోజుల సగటు 'ఫిట్‌నెస్', 7 రోజుల సగటు 'అలసట', మొదటిదాంట్లోంచి రెండోది తీసేస్తే 'ఫామ్'. గోల్డెన్ చీతా లాంటి ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఇదంతా ఉచితంగానే గీసిపెడుతుంది. గ్రాఫ్ పైకెళ్తుంటే ఎంత ఆనందమో!

నా గొడవంతా ఆ 'ఫిట్‌నెస్' అన్న పేరుతోనే. అది ఫిట్‌నెస్ కాదు, చేసిన పని. మన టైంషీట్ లాంటిది. ఎఫ్‌టీపీలో 70 శాతంతో రెండు గంటలు తొక్కినా 98 మార్కులొస్తాయి, గంటసేపు ప్రాణాలు పెట్టి తొక్కినా 100. లెక్కకి రెండూ దాదాపు ఒకటే. మర్నాడు మెట్లు దిగేటప్పుడు తెలుస్తుంది ఒకటో కాదో :)

పోయిన వేసవిలో ఇంటినుంచే పని చేస్తూ కోడూరులో ఉన్నా. రిలీజ్ గొడవలో రెండు వారాలు రాత్రుళ్ళు కాల్స్, నిద్ర నాలుగు గంటలు. సైకిల్ ముట్టలేదు కాబట్టి సాఫ్ట్‌వేర్ దృష్టిలో నేను రెస్టు తీసుకుని తాజాగా ఉన్నట్టు లెక్క! ఫామ్ పచ్చగా మెరుస్తోంది. ఇంకేం, ఎండ తగ్గకుండానే ఎనిమిదేసి నిమిషాల ఇంటర్వెల్స్ నాలుగు పెట్టుకుని బయల్దేరా. మూడోదాంట్లో కళ్ళు బైర్లు కమ్మాయి. కాలవలో పడకుండా ఎలా ఆగానో నాకే తెలీదు. గట్టుమీద చెట్టుకింద కూలబడితే, అటుగా వెళ్తున్న తాతొకాయన మొహాన నీళ్ళు కొట్టి, "ఎవరబ్బాయివిరా నువ్వు? ఎవరు తరుముతున్నారు నిన్ను?" అన్నాడు. ఏం చెప్పను, గ్రాఫ్ అనా?

ఇంటికొచ్చి నాన్నకి చెప్తే తిట్టలేదు. "మేత ముట్టని ఎద్దుకి ఆరోజు కాడి కట్టేవాళ్ళం కాదురా. నిన్నంతా పాకలోనే ఉంది కదా అని దున్నించం" అన్నారు, అంతే.

నేను నాలుగు నెలలు చదివి తెలుసుకోలేనిది ఆ ఒక్క ముక్కలో ఉంది. ఎద్దు ఎన్ని గంటలు దున్నిందో సాఫ్ట్‌వేర్‌కి తెలుసు. మేత తిన్నదో లేదో తెలీదు. నిద్ర, ఎండ, క్లయింట్ మీటింగు, ఇంట్లో బెంగ... ఇవేవీ వాట్లలో కనపడవు.

అలాగని మీటర్ అమ్మేయలేదు లెండి. ఇప్పుడు వాట్ల పక్కనే గుండె వేగం కూడా చూస్తున్నా. మామూలు 150 వాట్లకే గుండె ఎప్పటికన్నా పది పన్నెండు ఎక్కువ కొట్టుకుంటుంటే, గ్రాఫ్ ఏమన్నా సరే, వెనక్కి తిప్పేస్తా. నిద్ర సరిగా లేనినాడు ఇంటర్వెల్స్ జోలికే పోను. నెల తిరక్కుండానే ఎఫ్‌టీపీ పెరగలేదని ఏడవడం కూడా మానేశా.

రోజంతా ఆఫీసులో ఎవడో పెట్టిన నంబర్ల వెంట పరిగెడతాం. సాయంత్రం సొంత డబ్బు పోసి ఇంకో నంబర్ని కొనుక్కుని దానికీ జీతగాళ్ళమైపోతే ఎలా? లెక్క సాఫ్ట్‌వేర్‌ని చూసుకోనివ్వండి, నిర్ణయం మాత్రం మీరు తీసుకోండి. సైకిలెక్కే ముందు ఒక్కసారి అడగండి, ఎద్దు మేత తిన్నదా అని.