గీత గీచినవాడే బాధ్యుడు

మన నగరమున పెద్ద కంపెనీలలో సీనియర్ మెషీన్ లెర్నింగ్ ఇంజనీర్లుగా పనిచేయువారిని గూర్చి ఒక అభిప్రాయము బలముగా నాటుకొని యున్నది. బయటివారికే కాదు, ఆ కొలువులో ఉన్నవారిలో పెక్కుమందికిని అది వేదవాక్కు. మోడలును నిర్మించుట ఇంజనీరు పని. దానిని ఎచ్చట, ఎవరిపై, ఏ ప్రయోజనమునకై వాడవలయునో నిర్ణయించుట యాజమాన్యము పని, లేదా ప్రభుత్వము పని. కావున ఫలితము మంచిదైనను చెడ్డదైనను ఇంజనీరునకు అంటదు అనునదియే ఆ అభిప్రాయము. వినుటకు ఇది వినయమువలె తోచును గాని, విచారించిన కొలదిని ఇది పూచీ తప్పించుకొనుటకు పన్నిన యుక్తి యని తేటపడును.

మొదట ఆ ఉద్యోగ స్వరూపమును చూతము. కొత్తగా చేరిన పిల్లవాడు మోడలుకు సానబెట్టుటలో తలమునకలై యుండవచ్చును. సీనియరనిపించుకొన్నవానికి ఆ ముచ్చట తీరునది తక్కువ. 2015లో గూగుల్ ఇంజనీర్లు ప్రకటించిన యొక ప్రసిద్ధ పత్రములో, వాడుకలోనున్న వ్యవస్థలన్నిటిలో యంత్రమునకు నేర్పు కోడు చిన్న డబ్బా మాత్రమే యనియు, దానిచుట్టు డేటా సేకరణము, దానిని సరిచూచుట, సర్వర్లు, పర్యవేక్షణము మొదలగునవి అనేక రెట్లు పెద్దవై యుండుననియు చూపిరి. ఆ చిన్న డబ్బాకు వెలుపలనున్న దానిపై తీర్పు చెప్పుటకే సీనియరునకు అంత జీతము ముట్టుచున్నది: ఏ డేటాను నమ్మవలెను, ఏ కొలతను విజయమని పిలువవలెను, అన్నిటికంటె ముఖ్యముగా త్రెషోల్డు ఎచ్చట పెట్టవలెను.

ఈ త్రెషోల్డు సంగతి కొంత నిదానించి చెప్పవలసి యున్నది. మోడలు ఔననియు కాదనియు పలుకదు. 0కును 1కిని నడుమ ఒక అంకె నిచ్చి ఊరకుండును. 0.8 దాటినచో ఔననుకొందమని గీత గీచువాడు మనుష్యుడు. గీతను క్రిందికి దింపినచో దోషులు తప్పించుకొనరు గాని నిర్దోషులు చిక్కుదురు. మీదికి జరిపినచో నిర్దోషులు బయటపడుదురు గాని దోషులును జారిపోవుదురు. ఒకే మోడలుతో ఈ రెంటిని ఒక్కసారి సాధింపగల గణితము లేదు. పత్తర్‌గట్టి ముత్యాల వర్తకుడు ఏ కంతల జల్లెడను చేతబట్టునో దానినిబట్టి ఏ ముత్యము నిలుచునో, ఏది రాలునో తేలును; రాలినదానికి జల్లెడదే పూచీ యని అతడనినచో బేరమునకు వచ్చినవాడు నవ్విపోవును. నేను కూర్చున్న డిజైన్ రివ్యూలలో సర్వర్ల ఖర్చుపై గంటలకొలది వాదములు జరిగినవి; ఈ అంకె మాత్రము ఎవరును నోరెత్తకయే దాటిపోవుచుండును.

ఆ అంకె పాతబస్తీ గుమ్మమున ఎట్లు దిగునో చూడుడు. తెలంగాణ ప్రభుత్వము వాడిన 'సమగ్ర వేదిక' వేర్వేరు శాఖల రికార్డులను పోల్చి, ఇవి ఒకే మనిషివని తేల్చు వ్యవస్థ; రేషన్ కార్డునకు అర్హులెవరో చూచుటకును దానిని వాడిరి. ఇది బహుళజాతి కంపెనీ సరకు కాకపోవచ్చును గాని, ఇట్టి పోలిక పని ప్రతి పెద్ద సంస్థలోను నిత్యము జరుగునదే. కారున్న కుటుంబమునకు రేషన్ కార్డెందుకను ప్రశ్న సహేతుకమే. చిక్కంతయు ఆ కారు వీరిదేయని నిర్ధారించుటలో నున్నది. గౌలిపురాలో యాదగిరి యను పేరుగలవారు ఎందరో. ఒక రికార్డులో ఇంటిపేరుండును, మరొకదానిలో ఉండదు. మొగల్‌పురాలో మొహమ్మద్ అని ఒక గుమాస్తా పూర్తిగా వ్రాసినదానిని ఇంకొకడు 'ఎం.డి.' యని ముగించును. ఇంటినంబరు చివరి 'బై' అంకె ఒక పట్టికలో మిగిలి మరొకదానిలో జారిపోవును; అది జారినచో ఒకే వాకిలి గల ఆరు వాటాలును ఒక్క ఇల్లగును. ఇట్టి రికార్డులపై యంత్రము 0.85 అని చెప్పినపుడు దానికి బంజారాహిల్స్‌లో ఒక అర్థము, ఇచ్చట మరొక అర్థము. రెండుచోట్లను ఒకే గీత గీచుట సమదృష్టి కాదు, అజాగ్రత్త.

రిక్షా తొక్కి బ్రతికిన యొకని కుటుంబమునకు, పేరు కలిసిన వేరొకని కారును అంటగట్టి కార్డు తీసివేసిన ఉదంతము పత్రికలకెక్కినది. 2016 మొదలుకొని రద్దయిన సుమారు 19 లక్షల కార్డులను క్షేత్రస్థాయిలో మరల పరిశీలింపవలయునని, సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ వేసిన వ్యాజ్యముపై సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లో ఆదేశించెను. ఆ రద్దులన్నియు యంత్రము చేసినవే యని నేననను. కాని కోర్టు మెట్లెక్కిన పిదప ఇల్లిల్లు తిరిగి చేయవలసి వచ్చిన పరిశీలనము, కార్డు కోయుటకు ముందే జరుగవలసినది కాదా?

దీనికి ప్రతివాదులు మూడు మాటలందురు. మోడలు నూటికి తొంబదితొమ్మిది పాళ్లు సరిగా చెప్పుచున్నది గదా యందురు. పది లక్షల కుటుంబములపై వాడినచో ఆ మిగిలిన ఒక్క పాలు పదివేల కుటుంబములు. శాతములో కనబడనిది బియ్యపు డబ్బాలో కనబడును. గుమాస్తాయు తప్పు చేయడా, పైగా లంచమడుగడా యందురు. నిజమే, చేయును, అడుగును. అయితే అతని తప్పు అతని బల్లవరకే. అతని ముఖము తెలియును, పై అధికారికి అర్జీ పెట్టుకొనవచ్చును. యంత్రము ఒకే తప్పును ఒకే రాత్రి జిల్లా జిల్లాలో చేయును, అడుగబోయినవానికి "సిస్టంలో లేదమ్మా" యను సమాధానమే దక్కును. ఇక మూడవది: నేను మానినచో మరొకడు చేయును. ఆ మరొకడును ఈ మాటయే అనుచున్నాడు. అందరును ఒకరినొకరు చూపుకొనుచుండగా చేయనివాడు ఒక్కడును మిగులలేదు.

కొలువు వదలి సన్యసింపుమని నేను కోరుట లేదు. సీనియరునకు సంస్థలో ఒక అధికారము కలదు: అతడు సంతకము చేయనిదే మోడలు బయటికి పోదు. ఆ సంతకమునకు ముందు అతడు మూడు పనులు చేయవచ్చును. మొత్తము సగటుతో తృప్తి చెందక, పాతబస్తీ పేర్లపై, ఆడవారి పేర్లపై, అద్దె వాటాల చిరునామాలపై తప్పులెన్నియో విడివిడిగా కొలువవచ్చును. ఈ గీతవలన ఎవరు నష్టపడుదురో డిజైన్ డాక్యుమెంటులో తన పేరుతో వ్రాయవచ్చును. తప్పును దిద్దించుకొనుటకు మనుష్యుడు కూర్చున్న కిటికీ లేనిదే మోడలును పంపనని పట్టుబట్టవచ్చును. ఇవి ధర్మపన్నములు కావు, మంచి ఇంజనీరింగు. వంతెన కట్టువాడు బరువును లెక్కగట్టుట ఎవరును దయయని పిలువరు. ఇకమీదట ప్రమోషను కమిటీలు కొలతను ఎంత పెంచితివని అడిగిన నోటితోనే, నీ గీత ఎవరిని తప్పుగా తోసివేసినది, వారిలో ఎందరిని తిరిగి లోనికి తెచ్చితివి అని అడుగవలెను. దానికి బదులు చెప్పలేనివానికి ఎంత జీతమిచ్చినను సీనియరను పేరు మాత్రము ఇయ్యరాదు.