తిరిగి రాని రోగి, ఫిర్యాదు చేయని వినియోగదారుడు



గత వేసవిలో ఒక పెద్దావిడ మనుమడిని వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చారు. చాలా ఏళ్లుగా మధుమేహం ఉన్న మనిషి. విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, నిలబడలేనంత నిస్సత్తువ. ఏమైందమ్మా అని అడిగితే ఆమె ఇలా చెప్పారు: "షుగరు పడిపోయింది సారూ. మిషన్ల పద్నాలుగే చూపెట్టింది. మూడు రోజుల సంది మీరు చెప్పినట్టే బెల్లం నీళ్లు తాగుతున్న. గోలీలు గూడ బంద్ చేసిన."

అది కెనడాలో ఉన్న కుమారుడు ప్రేమతో పంపిన గ్లూకోమీటరు. దాని అంకెలు ఫోనులోని యాప్‌లోకి చేరతాయి. మొదటి రోజు నమోదులో 14.2 అని పెద్ద అక్షరాలతో ఉంది. దాని ప్రమాణం మాత్రం ఇంగ్లీషులో, నా కళ్లద్దాలకు కూడా అందనంత చిన్నగా ఉంది. మన దేశంలో రక్తంలోని చక్కెరను డెసిలీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని చెబుతాం. కెనడా, బ్రిటన్ వంటి దేశాలలో లీటరుకు ఇన్ని మిల్లీమోల్‌లని చెబుతారు. ఆ అంకెను 18తో గుణిస్తే మన లెక్క వస్తుంది. అంటే ఆనాడు ఆమె చక్కెర 14 కాదు, సుమారు 256. నేను పరీక్షించేనాటికి 400 దాటింది. ఆసుపత్రిలో చేర్పించాక కోలుకున్నారు.

ఇందులో నా తప్పు కూడా ఉంది. 70 కంటే తగ్గితే వెంటనే తీపి తీసుకోవాలని ఆమెకు చెప్పినవాణ్ణి నేనే. ఏ ప్రమాణంలో 70 అన్నది నేనూ చెప్పలేదు. ఆమె నా మాటను అక్షరాలా పాటించారు.

ఆ యాప్‌కు నాలుగున్నర నక్షత్రాల ఆదరణ ఉంది. అది అబద్ధమని నేను అనను. చదవగలిగినవారు, వాడగలిగినవారు, ఇంగ్లీషులో నాలుగు ముక్కలు రాయగలిగినవారు ఇచ్చిన నక్షత్రాలవి. ఈ పెద్దావిడ ఒక్క నక్షత్రమూ తగ్గించలేదు. తనకు అన్యాయం జరిగిందని కూడా ఆమెకు తెలియదు. నేను ఆ సంస్థకు వివరంగా రాశాను. నిమిషంలో జవాబు వచ్చింది: మీ అమూల్యమైన అభిప్రాయానికి ధన్యవాదాలు. రెండు రోజులకు ఆ జవాబు ఎంత తృప్తినిచ్చిందో నక్షత్రాలలో చెప్పమని మరో సందేశం వచ్చింది. అక్షరాలు మాత్రం ఇప్పటికీ అంతే చిన్నగా ఉన్నాయి.

వినియోగదారుల అభిప్రాయాన్ని సేకరించడం వేరు, దాని వల్ల మారడం వేరు. ఆరోగ్యానికి సంబంధించిన సాఫ్ట్‌వేర్‌లో ఈ తేడా ప్రాణాంతకం కావచ్చు. ఇదే నేడు నేను చెప్పదలచిన మాట.

ఉద్యోగంలో చేరిన కొత్తలో, రెండోసారి రాని రోగికి నయమైందనుకొని సంతోషించేవాణ్ణి. కొందరికి నిజంగానే నయమయ్యేది. కొందరు వేరే వైద్యుని దగ్గరకు వెళ్లేవారు. కొందరికి బస్సు చార్జీలు ఉండేవి కావు. అరుదుగా, కొందరు మరణించి ఉండేవారు. ఆరోగ్య కార్యకర్త ఇంటికి వెళ్లి కనుక్కుంటే తప్ప ఏది నిజమో తెలిసేది కాదు. క్షయ చికిత్సను మధ్యలో మానినవారిని ఒకప్పుడు రికార్డులలో ‘డిఫాల్టర్’ అని రాసేవాళ్లం, బాకీ ఎగ్గొట్టినవారిని అన్నట్టు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో ఆ పదాన్ని తొలగించి, ‘మన పరిశీలన నుంచి తప్పిపోయినవారు’ అనే అర్థం వచ్చే మాటను తెచ్చింది. తప్పు రోగిదని తేల్చే పదం పోయి, వెతకవలసిన బాధ్యత మనదని గుర్తుచేసే పదం వచ్చింది. యాప్‌ను తొలగించినవారిని, సగంలో వదిలేసినవారిని సాఫ్ట్‌వేర్ నిర్మాతలు ఈ దృష్టితోనే చూడాలి.

వైద్యరంగం ఈ పాఠాన్ని తేలికగా నేర్చుకోలేదు. 1957లో పశ్చిమ జర్మనీలో అమ్మకానికి వచ్చిన థాలిడోమైడ్ అనే మందును గర్భిణులు వేవిళ్లకు, నిద్రకు వాడారు. వేలాది శిశువులు అవయవలోపాలతో పుట్టారు. 1961లో జర్మనీలో లెంజ్, ఆస్ట్రేలియాలో మెక్‌బ్రైడ్ అనే వైద్యులు దీనిని బయటపెట్టారు. ఆ విషాదం తరువాతే, 1964లో బ్రిటన్‌లో మందుల దుష్ఫలితాలను తెలిపే పసుపు కార్డు పద్ధతి మొదలైంది. మన దేశంలో 2010లో ఇలాంటి జాతీయ కార్యక్రమం ఆరంభమైంది. మందు వికటిస్తే సామాన్యులు కూడా 1800-180-3024 అనే ఉచిత నంబరుకు తెలియజేయవచ్చు. ఇక్కడ ఎవరూ నక్షత్రాలు అడగరు. ఏ మందు, ఎప్పుడు, ఎంత మోతాదు, ఏం జరిగింది అని అడుగుతారు.

సాఫ్ట్‌వేర్‌లో కూడా విని మారిన ఉదాహరణ మన కళ్లముందే ఉంది. 2021 జనవరి 16న టీకాల కార్యక్రమంతో పాటు కోవిన్ వచ్చింది. బుక్ చేసుకొని టీకాకు వెళ్లనివారికి కూడా వేసినట్టు సందేశాలు వస్తున్నాయని ఫిర్యాదులు రాగా, మే 8 నుంచి నాలుగంకెల రహస్య కోడ్ ప్రవేశపెట్టారు. 18 నుంచి 44 ఏళ్లవారికి ఆన్‌లైన్ నమోదు తప్పనిసరి చేసినప్పుడు, ఇంటర్నెట్ లేనివారి గతేమిటని సుప్రీంకోర్టు కూడా ప్రశ్నించింది. మే 24న ప్రభుత్వ కేంద్రాలలో అక్కడికక్కడే నమోదుకు అనుమతి వచ్చింది. మొదట ఇంగ్లీషుకే పరిమితమైన పోర్టల్ తెలుగుతో సహా పలు భాషలలోకి తరువాత వచ్చింది. ధ్రువపత్రంలో పేరు, పుట్టిన సంవత్సరం తప్పుపడితే సరిచేసుకునే వీలు కూడా కలిగింది. ఇవన్నీ మంచి మార్పులే. కానీ ముందుగానే ఒక పల్లె కేంద్రంలో రెండు రోజులు కూర్చొని చూసి ఉంటే, వీటిలో చాలా లోపాలు మొదటి వారంలోనే తెలిసేవి.

భాష అంటే అనువాదం ఒక్కటే కాదు. మా జహీరాబాద్ ప్రాంతంలో తెలుగు, ఉర్దూ, కన్నడ, మరాఠీ కలిసి వినిపిస్తాయి. మందుబిళ్ల ఇక్కడ ‘గోలీ’. ‘మాత్ర సేవించారా?’ అని తెర మీద అడిగితే మా పెద్దావిడ ఆగిపోతారు. మాకు దగ్గరలోని మాచనూరులో 2008 అక్టోబరు 15న ప్రారంభమైన సంఘం రేడియోను పల్లె మహిళలే తమ మాటలో నడిపారు. వినేవారి భాషను ఊహించుకోవలసిన అవసరం వారికి రాలేదు, వినేవారూ వారివారే కనుక.

నిర్మాతలకు ఒక వైద్యుడిగా రెండు మనవులు. ఒకటి, అడిగి ఊరుకోకండి. పక్కన కూర్చొని మౌనంగా చూడండి. అరవై దాటిన ఐదుగురు మీ యాప్‌ను వాడుతుంటే వేలు ఎక్కడ ఆగిందో గమనించండి. రెండు, కోరికను కాదు, బాధను వినండి. జ్వరంతో వచ్చిన రోగి ‘సూది వెయ్యండి సారూ’ అంటాడు. అడిగిందల్లా వేస్తే అది వైద్యం కాదు. ‘కొత్త బటన్ పెట్టండి’ అన్నవారినీ అలాగే, దేనికోసం వెతికారు, ఏది దొరకలేదు అని అడగాలి. ఎంతమంది ఫిర్యాదు చేశారన్నది మాత్రమే లెక్క కాకూడదు. తెర రంగు నచ్చలేదన్న వెయ్యి మాటలకంటే, మోతాదు తప్పుగా అర్థమైందన్న ఒక్క మాట ముందు.

పాఠకులకూ ఒక మాట. యాప్ ఇబ్బంది పెడితే తిట్టి తొలగించకండి. ఏ తేదీన, ఏ ఫోనులో, ఏం చేయబోతే, తెర మీద ఏం కనిపించిందో తెలుగులోనైనా రాయండి. తెర ఫోటో జతచేయండి. ఆధార్ నంబరు, ఓటీపీ మాత్రం ఎవరికీ ఇవ్వకండి. విదేశాల నుంచి గ్లూకోమీటరు వస్తే ముందుగా దాని ప్రమాణం చూడండి. చక్కెర అంకెలో దశాంశ బిందువు ఉంటే 18తో గుణించండి. సందేహముంటే మందు మానే ముందు వైద్యుణ్ణి అడగండి.

ఆ సంఘటన తరువాత నేను మందుచీటీ మీద చక్కెర అంకెతో పాటు ప్రమాణం కూడా తెలుగులో రాస్తున్నాను, రోగి చేత ఒకసారి చదివిస్తున్నాను. ఆ పెద్దావిడ ఇప్పుడు ఇక్కడే కొన్న మిషను వాడుతున్నారు. ఆ సంస్థకు మాత్రం నిన్న మళ్లీ రాశాను.