గోటితో పోయేదానికి గొడ్డలెందుకు?

బీఎండబ్ల్యూ ఎక్స్5, ఆడి క్యూ7, మెర్సిడెస్ ఎంఎల్ లాంటి బండ్లను చూడాలంటే ఒకప్పుడు జూబ్లీహిల్స్ దాకా వెళ్లాల్సి వచ్చేది. ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్ సందుల్లో, ఎల్బీనగర్ అపార్ట్‌మెంట్ల సెల్లార్లలో కూడా అవి కనిపిస్తున్నాయి. సెకండ్ హ్యాండ్‌లో కొన్నవీ వాటిలో తక్కువేం కాదు. పదేళ్లు తిరిగిన లగ్జరీ బండి ఓ మామూలు కొత్త కారు ధరకే దొరుకుతుంది. పిల్లలు ముచ్చటపడతారు, బంధువుల్లో కాస్త గొప్పగా ఉంటుంది. ఇంకేం, కొనేస్తాం!

అక్కడే ఒక సంగతి మర్చిపోతాం. బండి ధర తగ్గింది గానీ దాని స్పేరు పార్టుల ధర తగ్గలేదు. అందులోనూ ఎలక్ట్రికల్ పార్టు అంటే చెప్పక్కర్లేదు. పొద్దున్నే బండి తీయగానే స్క్రీను మీద వరసగా హెచ్చరికలు... ఏబీఎస్ పనిచేయడం లేదు, ఎయిర్‌బ్యాగ్ లోపం, సస్పెన్షన్ లోపం, స్టీరింగ్ లోపం! గుండె గుభేలుమంటుంది. షెడ్డుకు తీసుకెళితే ‘మాడ్యూల్ పోయింది సార్, మార్చాలి’ అంటారు. నిజంగా పోయి ఉండొచ్చు. కానీ నాలుగైదు వేల రూపాయల లోపంతో పోయేదానికి లక్ష రూపాయలు వదిలించుకునే ప్రమాదమూ ఉంది. అందుకే సరేననే ముందు ఇంట్లోనే చేసుకోదగిన పరీక్షలు కొన్నున్నాయి. వాటికి పెద్ద చదువు అక్కర్లేదు. ఒక డిజిటల్ మల్టీమీటరు, ఒక టార్చిలైటు, ఒక నోటు పుస్తకం చాలు. మామూలు మల్టీమీటరు కోఠి గుజరాతీ గల్లీలో వెయ్యి రూపాయల లోపే వస్తుంది.

అన్నీ ఒకేసారి ఎందుకు పోతాయి?

ఈ బండ్లలో ఒక కంప్యూటర్ కాదు, పదుల సంఖ్యలో ఉంటాయి. ఇంజన్‌కు ఒకటి, గేర్లకు ఒకటి, బ్రేకులకు ఒకటి, డోర్లకు, సీట్లకు, ఏసీకి వేర్వేరుగా ఉంటాయి. ఇవన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకునే వైర్ల పద్ధతిని ‘క్యాన్’ అంటారు. జర్మనీకి చెందిన బాష్ కంపెనీ 1986లో దీన్ని లోకానికి చూపించింది. ఈ కంప్యూటర్లకు సరిపడా వోల్టేజీ అందకపోతే ఒక్కొక్కటీ ఒక్కో ఫిర్యాదు చేస్తుంది.

ఎండాకాలంలో మన కాలనీలో లో వోల్టేజీ వచ్చినప్పుడు ఏమవుతుంది? ట్యూబులైటు కొట్టుకుంటుంది, ఫ్రిజ్ మూలుగుతుంది, మోటారు నీళ్లెక్కించదు. అంతమాత్రాన ట్యూబులైటు, ఫ్రిజ్, మోటారు మూడూ మార్చేస్తామా? ముందు కరెంటు సరిగా వస్తోందా లేదా చూస్తాం. కారు విషయంలోనూ అంతే. ఒక హెచ్చరిక వస్తే ఆ భాగాన్ని అనుమానించాలి. సంబంధం లేనివి పది ఒకేసారి వస్తే ముందుగా బ్యాటరీని అనుమానించాలి.

మొదటి పరీక్ష: బ్యాటరీ

బానెట్ ఎత్తితే బ్యాటరీ కనిపించలేదని కంగారుపడకండి. 2006 తర్వాత వచ్చిన ఎక్స్5లో అది డిక్కీ అడుగున ఉంటుంది. మొదటి తరం క్యూ7లో, 2005 తర్వాతి ఎంఎల్‌లో ముందు సీటు కింద ఉంటుంది. బండితో వచ్చిన పుస్తకంలో బొమ్మతో సహా ఉంటుంది, చూసుకోండి.

రాత్రంతా ఆపిన బండికి పొద్దున్నే మల్టీమీటరును డీసీ 20 వోల్టుల మీద పెట్టి కొలవండి. 12.6 ఆ పైన ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.4 అంటే ముప్పాతిక. 12.2 అంటే సగం. 12 కంటే తక్కువైతే దాదాపు ఖాళీ. డోరు తీయగానే కంప్యూటర్లు మేల్కొంటాయి కాబట్టి రీడింగు కాస్త తగ్గుతుంది. కొద్ది నిమిషాలు ఆగి చూడండి.

తర్వాత ఇంట్లో ఒకరిని సెల్ఫ్ కొట్టమని మీరు మీటరు చూడండి. ఆ క్షణంలో అంకె 9.6 కంటే కిందికి పడిపోతే బ్యాటరీ నీరసించినట్టే. ఇంజన్ నడుస్తున్నప్పుడు సాధారణంగా 13.5 నుంచి 14.7 మధ్య ఉండాలి. కొన్ని కొత్త బండ్లు బ్యాటరీ నిండాక కావాలనే ఛార్జింగ్ తగ్గిస్తాయి. కాబట్టి హెడ్‌లైట్లు, ఏసీ వేసి మళ్లీ చూడండి. అప్పుడూ 12.5 దగ్గరే ఉండి ఇంకా దిగుతుంటే ఆల్టర్నేటర్ సంగతి చూడాలి.

మన వైపు బ్యాటరీలు త్వరగా అలసిపోవడానికి ఎండ ఒక్కటే కారణం కాదు. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్‌కు మెట్రో మొదలైంది. ఆఫీసుకు మెట్రోలో వెళ్లేవాళ్ల బండ్లు వారమంతా సెల్లార్లోనే నిలబడుతున్నాయి. ఆదివారం బయటికి తీసినా కొత్తపేట దాకా కూరగాయలకు, చైతన్యపురిలో బంధువుల ఇంటికి... అంతే. సెల్ఫ్ కొట్టడానికి వాడిన కరెంటు తిరిగి నిండేలోపే బండి ఆపేస్తున్నాం. వారానికి ఒకసారైనా విజయవాడ హైవే మీదో, సాగర్ రోడ్డు మీదో అరగంట, ముప్పావుగంట ఆగకుండా నడిపితే బ్యాటరీకి మంచిది.

బ్యాటరీ మార్చాల్సి వస్తే ఒక జాగ్రత్త. ఎక్స్5 లాంటి బండ్లలో కొత్త బ్యాటరీ వేసిన సంగతి స్కానర్‌తో బండి కంప్యూటర్‌కు చెప్పాలి. చెప్పకపోతే పాతదే ఉందనుకుని అదే లెక్కన ఛార్జ్ చేస్తుంది, కొత్తది తొందరగా పాడవుతుంది. ఏజీఎం రకం ఉన్నచోట ఏజీఎం రకమే వేయాలి. చవకగా వస్తుందని మామూలుది వేస్తే అసలుకే మోసం.

రెండో పరీక్ష: రాత్రి దొంగ

బ్యాటరీ మంచిదే, ఆల్టర్నేటర్ మంచిదే, అయినా నాలుగు రోజులు ఆపితే బండి లేవడం లేదా? ఎక్కడో కరెంటు కారిపోతోంది. అన్నీ నిద్రపోయాక ఈ బండ్లు తీసుకోవాల్సింది సుమారు 0.05 ఆంపియర్ లోపే. 90 ఆంపియర్ అవర్ బ్యాటరీలో సగం ఖాళీ కావడానికి ఆ లెక్కన 37 రోజులు పడుతుంది. అదే 0.5 ఆంపియర్ కారితే? 90 గంటలు, అంటే నాలుగు రోజులు కూడా పట్టదు.

దీన్ని పట్టుకోవడానికి డీసీ కొలిచే క్లాంప్ మీటరు మంచి సాధనం. ఏసీ మాత్రమే కొలిచేది పనికిరాదు, కొనేటప్పుడు అడిగి తీసుకోండి. బ్యాటరీ నెగెటివ్ వైరు చుట్టూ దాన్ని తగిలించి, బండి లాక్ చేసి, తాళం చెవిని ఇంట్లో పెట్టేయండి. జేబులో ఉంటే బండి నిద్రపోదు. అరగంట, నలభై నిమిషాలు ఆగి రీడింగు చూడండి.

ఎక్కువగా ఉంటే ఫ్యూజుల దగ్గరికి వెళ్లండి. ఒక్కోటీ పీకి చూడొద్దు. పీకి పెట్టగానే కంప్యూటర్లు మేల్కొని లెక్క తప్పుతుంది. ప్రతి ఫ్యూజు నెత్తిన రెండు చిన్న లోహపు చుక్కలుంటాయి. మల్టీమీటరును మిల్లీవోల్టుల మీద పెట్టి ఆ రెంటి మీద తాకించండి. సున్నా వస్తే ఆ దారిలో కరెంటు పోవడం లేదు. అంకె కనిపిస్తే పోతోంది. అది ఏ సామానుకు వెళ్లే ఫ్యూజో బండి పుస్తకం చెబుతుంది. ముందుగా చూడాల్సింది తర్వాత బిగించినవాటిని... డాష్ క్యామ్, సబ్ ఊఫర్, అదనపు హారన్, ఫాగ్ లైట్లు. కంపెనీ వైరింగును కోసి అతికిన జాయింటు కనిపిస్తే సగం కథ తేలినట్టే.

ఫ్యూజుతో ఆటలొద్దు

ఫ్యూజులకు రంగులుంటాయి. 10 ఆంపియర్లది ఎరుపు, 15 నీలం, 20 పసుపు, 30 ఆకుపచ్చ. కాలిన చోట అదే రంగుది వేయండి. అదీ వెంటనే కాలితే ఆపేయండి. లోపం ఫ్యూజులో కాదు, దాని వెనక వైరులో ఉంది. 10 ఉన్నచోట 20 వేస్తే, లేదా సిగరెట్ పెట్టెలోని మెరుపు కాగితం చుట్టి పెడితే సామాను పనిచేసినట్టే ఉంటుంది. కానీ కాలాల్సిన ఫ్యూజు కాలదు కాబట్టి వైరు కాలుతుంది. బండి సెల్లార్లో ఉంది, పైన ఐదు అంతస్తుల్లో సంసారాలున్నాయి. పది రూపాయల ఫ్యూజు దగ్గర కక్కుర్తి పడితే నష్టం ఒక్క కారుతో పోదు.

నీళ్లు, ఎలుకలు

సన్‌రూఫ్ ఉన్న బండ్లలో నాలుగు మూలలా నీళ్లు పోయే సన్నటి గొట్టాలుంటాయి. చెట్టు కింద ఆపితే ఆకులూ దుమ్మూ చేరి మూసుకుపోతాయి. వాన నీరు కార్పెట్ల కిందికి, డిక్కీ అడుక్కి చేరుతుంది. కొన్ని కంప్యూటర్లు ఉండేదీ అక్కడే. కార్పెట్ ఎత్తి చేత్తో తడిమి చూడండి. తడి తగిలితే ముందు నీళ్లు వచ్చే దారి మూయాలి, తర్వాతే పార్టుల మాట.

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లకు ఇంకో మాట. 2020 అక్టోబరు 13న ఘట్‌కేసర్ వైపు 32 సెంటీమీటర్ల వాన పడింది. సరూర్‌నగర్ చెరువు కింద కోదండరాంనగర్ లాంటి కాలనీలు నీళ్లలో ఉన్నాయి. సెల్లార్లలో బండ్లు మునిగాయి. అలా మునిగిన బండిని కడిగి, పాలిష్ పెట్టి అమ్మితే పైకి తెలియదు. కనెక్టర్ల లోపల తుప్పు మాత్రం నెలల తరబడి, ఏళ్ల తరబడి తినేస్తూనే ఉంటుంది. కొనేముందు సీటుబెల్టును చివరిదాకా లాగి బురద మరక ఉందేమో చూడండి. స్టెప్నీ గుంట, సీట్ల కింది పట్టాలు చూడండి. కనెక్టర్ ఊడదీస్తే పిన్నుల మీద ఆకుపచ్చ పొడి ఉంటే ఆ బేరం వదిలేయండి. మీ బండే మునిగితే మాత్రం పొరపాటున కూడా సెల్ఫ్ కొట్టొద్దు. వీలైతే బ్యాటరీ నెగెటివ్ వైరు తీయించి, టో ట్రక్కు మీద ఎక్కించి తీసుకెళ్లండి.

ఇక ఎలుకలు. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు అంటాం గానీ, కారు విషయంలో ఆ ఎలుకే అసలు దొంగ కావచ్చు. బానెట్ ఎత్తి రెట్టలు, కొరికిన వైర్లు ఉన్నాయేమో వారానికోసారి చూడండి. సీట్ల సందుల్లో పిల్లలు పడేసిన బిస్కట్ ముక్కలు ఏరేయండి.

కోడ్ ఫిర్యాదే, తీర్పు కాదు

స్టీరింగ్ కింద మోకాలి దగ్గర పదహారు పిన్నుల సాకెట్ ఒకటుంటుంది. దానికి చిన్న స్కానర్ తగిలిస్తే ఫోన్‌లోనే లోపాల కోడ్‌లు కనిపిస్తాయి. పీతో మొదలైతే ఇంజన్, గేర్ల వైపు. సీ అంటే బ్రేకులు, సస్పెన్షన్. బీ అంటే డోర్లు, సీట్లు, ఎయిర్‌బ్యాగుల వంటివి. యూ అంటే కంప్యూటర్ల మధ్య మాటలు తెగినట్టు. పీ0562 కనిపిస్తే వోల్టేజీ పడిపోయిందని అర్థం. చెరిపేసే ముందు అన్నీ ఫొటో తీసుకోండి. ఫలానా సెన్సర్ కోడ్ వచ్చిందంటే ఆ సెన్సర్ పోయిందని కాదు. దాని వైరు తెగి ఉండొచ్చు, ఎర్తు వదులై ఉండొచ్చు. బ్యాటరీ సరిచేసి, కోడ్‌లు చెరిపి, రెండు రోజులు నడపండి. మళ్లీ వచ్చినదే అసలు లోపం.

ఇక్కడ ఆగండి

పసుపు రంగు కనెక్టర్లు ఎయిర్‌బ్యాగులవి, వాటి జోలికి వెళ్లొద్దు. సీటు కింద బ్యాటరీ ఉన్న బండ్లలో అవి చేతికే తగులుతాయి, మరింత జాగ్రత్త. హైబ్రిడ్ బండ్లలో నారింజ రంగు కేబుళ్లు ప్రాణాంతకం. కాలిన వాసన వస్తే, వైరు వేడెక్కితే, బ్రేకు హెచ్చరిక పోకపోతే ఇంటి వైద్యం ఆపేయాలి. వారంటీ ఉన్న బండిలో వైరింగు మీద చెయ్యి వేయకండి. బ్యాటరీ తీసేటప్పుడు ముందు నెగెటివ్, పెట్టేటప్పుడు చివర నెగెటివ్. డిక్కీలో బ్యాటరీ ఉంటే డిక్కీ తలుపు మూయకండి, కరెంటు లేక మళ్లీ తెరుచుకోదు.

ఇంతా చేస్తే మెకానిక్‌తో పని లేదనుకోకండి. మన దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ షెడ్లలో చేయి తిరిగిన పనివాళ్లున్నారు. కానీ వాళ్లకూ మన బండి రాత్రి ఏం చేసిందో తెలియదు కదా! ‘సార్, ఏదో లైటు వెలుగుతోంది’ అంటే ఆయనా ఊహించే చెబుతాడు. పొద్దున వోల్టేజీ ఇంత, సెల్ఫ్ కొట్టినప్పుడు ఇంత, నిద్రలో కరెంటు ఇంత, వచ్చిన కోడ్‌లు ఇవీ అని కాగితం చేతిలో పెట్టండి. మంచి మెకానిక్‌కు గంట పని మిగులుతుంది. మాడ్యూల్ మార్చాలనేవాడు ఎందుకు మార్చాలో చెప్పాల్సి వస్తుంది. ‘ఏ పరీక్షలో తేలింది?’ అని మర్యాదగానే అడగండి. జవాబు చెప్పగలిగితే బండి అప్పగించండి.

ఈ పరీక్షలన్నీ ఒక్క రోజే చేయక్కర్లేదు. ఇవాళ ఎలాగూ ఆదివారమే. బండి తీయకముందే బ్యాటరీ వోల్టేజీ కొలిచి, తేదీ వేసి పుస్తకంలో రాసిపెట్టండి. నెలకోసారి అలా రాస్తూ పోతే, మొండికేసే రోజు రాకముందే బండి మీకు చెబుతుంది.