నల్లకోటు తొడిగిన తొలి మూడేళ్లు

న్యాయశాస్త్ర పట్టా వచ్చిన రోజు ఇల్లంతా సంతోషమే. ఆరు నెలలు గడిచేసరికి ‘నెలకు ఎంత వస్తోంది?’ అన్న ప్రశ్న మొదలవుతుంది. జూనియర్ న్యాయవాది తలవంచుకుంటాడు.

1961 నాటి న్యాయవాదుల చట్టం ప్రకారం నమోదు రుసుము 750 రూపాయలే. ఎస్సీ, ఎస్టీలకు 125. అయినా రాష్ట్రాల బార్ కౌన్సిళ్లు రకరకాల పేర్లతో వేలకు వేలు వసూలు చేశాయి. చట్టం విధించిన పరిమితికి మించి తీసుకోరాదని 2024 జులై 30న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ విధంగా వృత్తిలో ప్రవేశం సులభమైంది. నిలదొక్కుకోవడం మాత్రం నేటికీ కష్టమే.

అదే ఏడాది అక్టోబరులో భారత బార్ కౌన్సిల్ జూనియర్లకు నెలకు పట్టణాలలో కనీసం 20,000, గ్రామీణ ప్రాంతాలలో 15,000 రూపాయల భృతి ఇవ్వాలని సూచించింది. అది సూచనే గాని నిర్బంధం కాదు. కనుక యువ న్యాయవాదులు సీనియర్ వద్ద చేరేముందే భృతి సంగతి మర్యాదగా, స్పష్టంగా మాట్లాడుకోవాలి. దావా రాయడం, సాక్షిని ప్రశ్నించడం నేర్పుతారా అన్నదీ అడగాలి.

తల్లిదండ్రులారా! అయిదేళ్ల కోర్సుకు మరో మూడేళ్లు కలిపి ఖర్చు లెక్కవేసుకోండి. రాబడి లేదని ఆడపిల్లను మధ్యలో మాన్పించకండి. మహర్, ఖులా, జీవనభృతి వంటి విషయాలు పరపురుషునితో చెప్పుకోలేని స్త్రీలు ఎందరో ఉన్నారు. వారు మహిళా న్యాయవాదిని వెతుక్కుంటూ కోర్టుకు వచ్చేనాటికి మీ అమ్మాయి అక్కడ ఉండాలి కదా!