వెనక కూర్చున్నది సామాను కాదు

పోయిన ఆగస్టులో నేనూ మా అమ్మాయీ క్రేటర్ లేక్ అంచున మోటార్‌సైకిల్ పక్కన నిలబడి దిగిన ఫోటో ఒకటి మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. వెనకాల సరస్సు నీలంగా మెరిసిపోతోంది. ఆ నీలం గురించి ఒక్కళ్ళూ ఒక్క మాట అనలేదు.

"ఒరేయ్, నీకేమన్నా మతి పోయిందా?" అని తెనాలి నుంచి మా అమ్మ. "కారు అమ్మేశారా బావగారూ?" అని డాలస్ నుంచి మా బావమరిది. మా అక్కయితే "పదహారేళ్ళ ఆడపిల్లని..." అని మొదలెట్టి, వాక్యం పూర్తి చెయ్యకుండా చుక్కలు పెట్టి వదిలేసింది. తిట్టంతా ఆ చుక్కల్లోనే ఉంది.

గ్రూపులో జవాబు రాయబోయి మానేశాను. అక్కడ రాస్తే తగువవుతుంది, ఇక్కడ రాస్తే వ్యాసమవుతుంది.

నాకు వ్యతిరేకంగా చెప్పాల్సింది ముందు నేనే చెప్పేస్తాను. అమెరికాలో మైలుకి మైలు లెక్కేస్తే, కారులో పోయేవాళ్ళకంటే మోటార్‌సైకిల్ మీద పోయేవాళ్ళు ప్రమాదంలో చనిపోయే అవకాశం 20 రెట్లకి పైనే. ఇది ప్రభుత్వ రోడ్డు భద్రతా సంస్థ చెప్పే లెక్క. మా ఆవిడ ఆ లెక్క ప్రింటు తీసి ఫ్రిజ్ తలుపుకి అంటించింది. ఆ కాయితం ఇప్పటికీ అక్కడే ఉంది. "మా చిన్నప్పుడు చేతక్ మీద నలుగురం వెళ్ళేవాళ్ళం, మాకేమైంది?" అనే వాదన కూడా నేను చెయ్యను. బతికి బట్టకట్టినవాళ్ళం కాబట్టి చెప్పుకుంటున్నాం. కట్టనివాళ్ళు వ్యాసాలు రాయరు కదా.

మరి అంతా తెలిసి ఎందుకు తీసుకెళ్ళావయ్యా అంటే, దానికి మూడేళ్ళ వెనక్కి వెళ్ళాలి.

2023లో నా ఉద్యోగం పోయింది. హెచ్1బీ మీద ఉన్నవాళ్ళకి ఆ తర్వాత ఏం జరుగుతుందో ఇది చదివేవాళ్ళలో చాలామందికి తెలుసు. 60 రోజుల గడువు. ఆలోపు ఇంకో ఉద్యోగమైనా దొరకాలి, మరో దారైనా చూసుకోవాలి, లేదా పెట్టె సర్దుకోవాలి. పిల్లకి చెప్పొద్దనుకున్నాం. రోజూ పొద్దున్నే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, లంచ్ బాక్స్ పట్టుకుని లైబ్రరీకి వెళ్ళి కూర్చునేవాణ్ణి. 47వ రోజున ఆఫర్ వచ్చింది. గండం గడిచింది, పిల్లకి ఏమీ తెలియలేదు, మనం ఎంత మంచి తల్లిదండ్రులమో అనుకున్నాం.

కొన్ని నెలలకి ఎవరో ఇంటికొచ్చి మాటల్లో ఆ సంగతి తెచ్చారు. మా అమ్మాయి విన్నది. ఆ రాత్రి నా దగ్గరికొచ్చి, "అంటే, ఇండియా వెళ్ళాల్సొస్తే సూట్‌కేసులు సర్దే రోజున నాకు చెప్పేవాళ్ళన్నమాట. సూట్‌కేసుల్తో పాటు" అంది. గట్టిగా కూడా అనలేదు. నేను మటుకు ఆ మాట మర్చిపోలేదు.

ఆలోచిస్తే నిజమే అనిపించింది. కూచిపూడి క్లాసు, లెక్కల ట్యూషను, రోబోటిక్సు. కారు వెనక సీట్లో పడేసి ఒక చోటు నుంచి ఇంకో చోటికి చేరవేస్తున్నాం. ఎటు వెళ్తున్నామో, పెట్రోలు ఉందో లేదో, తోలేవాడికి కళ్ళు కనిపిస్తున్నాయో లేదో వాళ్ళకి పట్టదు. పట్టనివ్వం కూడా. ఆ నిశ్చింతకే మనం ప్రేమ అని పేరు పెట్టుకున్నాం.

మోటార్‌సైకిల్ మీద అలా కుదరదు. శిక్షణ తీసుకుని, లైసెన్సు తెచ్చుకుని, రెండేళ్ళు ఒంటరిగా నడిపాక, "నన్నూ తీసుకెళ్ళు నాన్నా" అని మా అమ్మాయి అడిగినప్పుడు నాకు అది మెల్లగా అర్థమైంది. బండి మలుపులో ఒరిగినప్పుడు వెనకాల మనిషి బెదిరి ఎదురు వైపుకి వాలితే, బండి తిరగాల్సినంత తిరగదు. మలుపు ఎటుంటే అటు వైపు నా భుజం మీదుగా చూడాలి. నేను రెండు కాళ్ళూ నేలకి ఆనించి సరే అనేదాకా ఎక్కకూడదు, దిగకూడదు. వెనక కూర్చున్న మనిషి బండిలో సగం.

మా ఆవిడ షరతులు పెట్టింది. చీకటి పడ్డాక నడపకూడదు. రోజుకి 250 మైళ్ళు దాటకూడదు. ఎండ ఎంతున్నా జాకెట్, గ్లవ్స్, బూట్లు తియ్యకూడదు. మా అమ్మాయి ఇంకోటి కలిపింది. భుజం మీద ఒకసారి తడితే "అటు చూడు" అని, రెండుసార్లు తడితే "ఆపు" అని. ఎందుకని అడక్కుండా ఆపాలి. సరేనన్నాను. ఆ షరతు అవసరం పడుతుందని అప్పుడనుకోలేదు.

ఫ్రీమాంట్ నుంచి మొదటిరోజు లోయ ఎండలో ఉడికిపోయి, రెడ్ బ్లఫ్ దగ్గర తూర్పుకి తిరిగి కొండలెక్కాం. రెండో రోజంతా లాసెన్ వోల్కానిక్ పార్కులోనే. ఆ పార్కులో రోడ్డు పక్కనే నేల బుసలు కొడుతూ ఉంటుంది. సల్ఫర్ వర్క్స్ అనే చోట హెల్మెట్ అద్దం ఎత్తగానే కుళ్ళిన గుడ్ల వాసన. నాకు వెంటనే మంగళగిరి గుర్తొచ్చింది. పానకాలస్వామి కొండ ఒకప్పుడు అగ్నిపర్వతమనీ, లోపలి గంధకం చల్లారడానికే పానకం పోస్తారనీ మా నాన్న చెప్పేవారు. మా వైపు అందరూ చెప్పుకునే మాటే. "స్వామి సగం తాగి సగం మనకి వదిలేస్తాడు" అని చెబితే, "ఇక్కడ ఎన్ని గ్యాలన్లు పోయాలో" అంది మా అమ్మాయి.

అక్కణ్ణించి బంపస్ హెల్‌కి నడిచాం. 1860ల్లో కెండాల్ బంపస్ అనే ఆయన కనిపెట్టిన చోటది. పైపొర పల్చగా ఉంటుంది, చూసి అడుగెయ్యండని వెంట వచ్చినవాళ్ళకి చెబుతూనే ఆయన తనే పొర విరిగి మరిగే బురదలో కాలు వేశాడు. చివరికి ఆ కాలు తీసెయ్యాల్సొచ్చింది. ఇప్పుడక్కడ చెక్కలతో వేసిన నడవ ఉంది. దాని మీద నిలబడి, రెండు గజాల దూరంలో కుతకుతలాడే నీళ్ళని తాపీగా చూడొచ్చు.

నాకు బాగా నచ్చిన సంగతి ఇంకోటుంది. లాసెన్ పెద్దగా పేలింది 1915 మే 22న. దాన్ని నేషనల్ పార్కు చేసింది 1916లో. కొండ పూర్తిగా చల్లారింది ఆ తర్వాతే. అంటే ఇంకా పొగలు కక్కుతున్న కొండనే జనానికి చూపించాలనుకున్నారు. కంచె వేసి రావద్దనలేదు, మీ చావు మీరు చావండనీ అనలేదు. ఎక్కడ నేల పల్చనో చెప్పి, చెక్క వేసి, రమ్మన్నారు. పిల్లల్ని పెంచడానికి ఇంతకంటే మంచి పద్ధతి నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

ఇక్కడితో ఆపేస్తే ఈ వ్యాసం నాకు బాగా అనుకూలంగా ఉంటుంది. కానీ మూడోరోజు సంగతి చెప్పకపోతే అబద్ధమవుతుంది.

మౌంట్ శాస్తా పక్కనుంచి వీడ్ అనే ఊరు చేరి, అక్కడ కడుపునిండా తిని 97వ నంబరు హైవే ఎక్కాం. కొండలు దిగాక రోడ్డు తిన్నగా, గీత గీసినట్టు పోతుంది. ఎండ, గాలి హోరు, ఇంజన్ ఒకే శ్రుతిలో మోత. క్లామత్ ఫాల్స్ ఇంకా ముప్పై మైళ్ళుందనగా నా వీపు మీద రెండుసార్లు గట్టిగా దెబ్బ పడింది. నాకు చిరాకేసింది. పిల్ల ఫోటో కోసం ఆపమంటోందనుకున్నాను. మాటిచ్చాను కాబట్టి పక్కకి తీశాను.

దిగి హెల్మెట్ తీసి, "నాన్నా, నీ తల రెండుసార్లు వాలింది. మొదటిసారి చూస్తున్నావేమో అనుకున్నా" అంది. చేతులు వణుకుతున్నాయి దానికి. నాకు ఆ రెండుసార్లలో ఒక్కటీ గుర్తులేదు.

గంటసేపు ఒక పెట్రోల్ బంకు నీడలో కూర్చున్నాం. నీళ్ళు తాగాం. పెద్దగా మాట్లాడుకోలేదు.

సాయంత్రానికి క్రేటర్ లేక్ చేరాం. దాదాపు 7,700 ఏళ్ళ కింద మజామా అనే పర్వతం పేలి, లోపల ఖాళీ అయి, తన మీద తనే కూలిపోతే మిగిలిన గొయ్యి అది. లోతు 1,943 అడుగులు. అమెరికాలో అంతకంటే లోతైన సరస్సు లేదు. ఏ నదీ వచ్చి కలవదు, ఏ నదీ బయటికి పోదు. వానా మంచూ నింపినవే ఆ నీళ్ళన్నీ. క్లామత్ జాతివాళ్ళు దీన్ని పాతాళ దేవుడికీ పైలోకపు దేవుడికీ జరిగిన యుద్ధంగా ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆరెగాన్‌లోనే ఫోర్ట్ రాక్ గుహలో ఈ పర్వతం బూడిద కింద నారతో అల్లిన చెప్పులు దొరికాయి. కొండ పేలక ముందే ఇక్కడ మనుషులు తిరిగారన్నమాట. వాళ్ళు చూసింది పిల్లలకి చెప్పారు, ఆ పిల్లలు వాళ్ళ పిల్లలకి చెప్పారు. దాచుకోలేదు.

అంచున నిలబడి మా అమ్మాయి అడిగింది. "అమ్మకి చెప్తావా?"

లైబ్రరీ, లంచ్ బాక్స్, ఇస్త్రీ చొక్కా అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. చెప్తానన్నాను.

ఇంటికొచ్చాక వంటింట్లో నిలబడి చెప్పాను. మా ఆవిడ స్టవ్ కట్టేసి, చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మీరు పిల్లని జాగ్రత్తగా తీసుకురాలేదు. అదే మిమ్మల్ని తీసుకొచ్చింది" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. అప్పుడు పిల్ల వైపు తిరిగి, "నీకు భయం వెయ్యలేదుటే?" అంది.

"వేసింది. అందుకే కొట్టాను."

నేను ఇంత రాసిందీ ఆ ఒక్క మాట కోసమే. మన పిల్లలకి భయం తెలియకుండా పెంచుతున్నామని మనం అనుకుంటాం. ఇంట్లో గుసగుసలు వాళ్ళు వింటూనే ఉంటారు, మన మొహాలు చూస్తూనే ఉంటారు. భయం వాళ్ళకి ఎటూ తెలుస్తుంది. ఆ భయంతో ఏం చెయ్యాలో మాత్రం మనం చెప్పం, చెయ్యడానికి చోటూ ఇవ్వం. వీపు తట్టే హక్కు ఇస్తే తడతారు. తట్టినప్పుడు విసుక్కోకుండా ఆపడం మన వంతు.

దీనికి ఎదురు మాట కూడా నాకు తెలుసు. తండ్రి కునుకు తీస్తున్నాడా అని కాపలా కాయడం పదహారేళ్ళ పిల్ల పని కాదు. ముమ్మాటికీ కాదు. ఆ తప్పు నాది. ఆ రోజు నుంచి గంటకోసారి ఆపుతున్నాను, భోజనం చేశాక అరగంట నడుం వాలుస్తున్నాను. భారం మొయ్యమనడం వేరు, భాగం ఇవ్వడం వేరు. ఆ తేడా ఎక్కడుందో నాకూ ప్రతిసారీ తెలియదు. కానీ తేడా తెలియదని సామాను కింద కట్టి పడేస్తే మాత్రం సూట్‌కేసు మాటే మళ్ళీ వినాలి.

కాబట్టి మోటార్‌సైకిళ్ళు కొనమని నేను ఎవరికీ చెప్పడం లేదు. మా ఫ్రిజ్ మీది కాయితం మీ ఫ్రిజ్ మీదా అంటించుకోండి. కానీ ఉద్యోగం పోతే పిల్లలకి చెప్పండి. ఊళ్ళో నాయనమ్మకి బాగోలేకపోతే, ఇంటి అప్పు బరువైతే, వాళ్ళ వయసుకి తగినంత చెప్పండి. ఎక్కడ నేల పల్చగా ఉందో చెప్పి, ఒక చెక్క వెయ్యండి.

మా అమ్మాయికి ఈమధ్యే కారు నేర్చుకునే పర్మిట్ వచ్చింది. మొన్న ఆదివారం ఫ్రీవే ఎక్కుతుంటే, పక్క సీట్లో నా కుడికాలు లేని బ్రేకుని తొక్కుతోంది. రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే అంది, "నాన్నా, ఆపాలంటే రెండుసార్లు తట్టు. ఊరికే కాలు తొక్కకు."

తట్టలేదు. చెయ్యి మాత్రం సిద్ధంగానే పెట్టుకున్నాను.