వెళ్లిపోయినా వదలని సెర్చ్ తెర

అండమాన్‌లో యాప్ ఆగిపోతే నింద ముందు నెట్ మీద పడుతుంది. ఆ అలవాటు ఊరికే రాలేదు. 2020 ఆగస్టు 10న చెన్నై నుంచి వేసిన సముద్రగర్భ కేబుల్ ప్రారంభమయ్యేదాకా ఆ దీవులకు ఉపగ్రహాలే ప్రధాన ఆధారం. ఫోను పంపిన ప్రశ్న దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తుకు ఎక్కి దిగాల్సి వచ్చేది, జవాబూ అలాగే ఎక్కి దిగాల్సి వచ్చేది. కాంతి వేగంతో పోయినా ఆ రాకపోకలకే సుమారు అర సెకను పట్టేది. ఇరుకు దారిలో రద్దీ దానికి అదనం.

కానీ నెట్ నెమ్మదిస్తే ఫలితాలు ఆలస్యంగా రావాలి గానీ యాప్ మూసుకుపోకూడదు. ఇప్పుడు శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్ పక్కన ఆస్టినాబాద్‌లో పాత ఫోను పట్టుకుని వెతుకుతున్న మనిషి ముందు యాప్ పదేపదే కుప్పకూలుతుంటే, కేబుల్‌ను తిట్టే ముందు సెర్చ్ తెర రాసినవాళ్లను అడగాలి. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవుల్లో 13 శాతం మంది మాతృభాష తెలుగే. కాబట్టి ఇది మనవాళ్ల గోడు కూడా.

యాప్‌లో ప్రతి తెరకూ కొంత ర్యామ్ కావాలి. తెర మూసేశాక ఆ చోటును గార్బేజ్ కలెక్టర్ ఖాళీ చేస్తుంది. అయితే ఎవరైనా ఇంకా పట్టుకుని ఉన్నదాన్ని అది ముట్టదు. అద్దెకున్నవాళ్లు సామాను సర్దుకుని పోయినా తాళంచెవి తిరిగివ్వకపోతే ఆ ఇల్లు ఇంకొకరికి ఇవ్వలేం. మెమరీ లీక్ అంటే అదే.

సెర్చ్ తెరను ఇలా పట్టుకునే చేతులు చాలా ఉంటాయి. సర్వర్‌కు వెళ్లిన ప్రశ్న, జవాబు వచ్చాక ఎక్కడ చూపించాలో గుర్తుండాలి కాబట్టి, తెరను పట్టుకుని కూర్చుంటుంది. మాదాపూర్ ఆఫీసు వైఫైలో జవాబు రెప్పపాటులో వస్తుంది, పట్టు వదులుతుంది, పరీక్షించినవాళ్లకు ఏ తేడా కనబడదు. సిగ్నల్ అందీ అందని చోట జవాబు రాదు. మనిషి విసిగి బ్యాక్ నొక్కుతాడు, మళ్లీ తెరుస్తాడు. పాత తెర తన బొమ్మలతో సహా ఇంకా ర్యామ్‌లోనే ఉంటుంది, దాని పక్కన కొత్తది చేరుతుంది. నాలుగైదు సార్లు ఇలా జరిగితే చిన్న ఫోను తట్టుకోలేదు. కోడ్ ఒకటే. ఆఫీసులో ఆరోగ్యంగా కనబడేది ఆస్టినాబాద్‌లోనో పాడేరు కొండల మీదో చచ్చిపోతుంది. నెట్ నెమ్మది లీకును పుట్టించదు, దాన్ని పెంచి బయటపెడుతుంది.

తెలుగులో వెతికేవాళ్లకు ఈ బరువు ఇంకా ఎక్కువ. ‘ఆస్టినాబాద్’ కంటికి అయిదక్షరాలే. యూనికోడ్‌లో పదకొండు సంకేతాలు. ప్రతి నొక్కుకూ సర్వర్‌ను అడిగేలా రాస్తే ఒక్క ఊరి పేరుకు పదకొండు ప్రశ్నలు పోతాయి. అందులో పది ఎవరికీ అక్కర్లేనివి, పైగా పదీ తెరను పట్టుకునే ఉంటాయి.

ఇది కొత్తగా తెలిసిన జబ్బు కాదు. 2009లోనే ఆండ్రాయిడ్ బృందంలోని రొమైన్ గీ, తెర మొత్తాన్ని ఎక్కడెక్కడో పట్టుకోవద్దని డెవలపర్లకు రాశారు. అప్పటి జీ1 ఫోనులో ఒక యాప్‌కు దక్కేది 16 ఎంబీ. 2015లో స్క్వేర్ సంస్థ లీక్‌కెనరీ అనే పరికరాన్ని అందరికీ ఉచితంగా ఇచ్చింది. తమ యాప్‌లో మెమరీ చాలక జరిగే క్రాష్‌లు 94 శాతం తగ్గాయని ఆ సంస్థే ప్రకటించింది. మూసిన తెర పోకుండా మిగిలితే దాన్ని ఎవరు పట్టుకున్నారో గొలుసు మొత్తం చూపిస్తుందా పరికరం. ఇంత మంచి సాయం చేతిలో ఉండగా వాడకపోవడం నాకు మింగుడుపడదు.

మందు కూడా కష్టమైనది కాదు. వేలు ఆగాక మూడొందల మిల్లీసెకన్లు చూసి అప్పుడు అడగాలి. కొత్త ప్రశ్న పోతే పాతదాన్ని రద్దు చేయాలి. తెర మూసుకున్న క్షణాన మిగిలినవన్నీ రద్దు కావాలి, మార్పులను గమనించడానికి తగిలించిన లిజనర్లు ఊడిరావాలి. వెతికిన మాటల జాబితాకూ బొమ్మల నిల్వకూ గరిష్ఠ పరిమితి ఉండాలి. యాప్ ఉన్నంతకాలం బతికే వస్తువు చేతికి తెరను ఎప్పుడూ ఇవ్వకూడదు. దీనికి బదులు యాప్‌కు పెద్ద హీప్ (అది వాడుకునే మెమరీ) కావాలని ఒక్క లైను రాసి చేతులు దులుపుకునే బృందాలున్నాయి. అది రోగాన్ని వాయిదా వేయడమే, రెండు జీబీల ఫోనులో ఆ వాయిదా కూడా ఎక్కువసేపు నిలవదు.

ఒక చిక్కు మాత్రం డెవలపర్ తప్పు కాదు. కీబోర్డును నడిపే ఆండ్రాయిడ్ భాగమే కొన్ని వెర్షన్లలో, మూసేసిన సెర్చ్ బాక్సును మరో బాక్సు కీబోర్డు అడిగేదాకా వదలదు. లీక్‌కెనరీ దీన్ని తెలిసిన లీకుల కింద వేరుగా చూపిస్తుంది. అందుకే రిపోర్టులో కనబడ్డ ప్రతిదాన్నీ ‘అది సిస్టమ్‌ది’ అని కొట్టేయకుండా గొలుసును కొసదాకా చదవాలి.

హైదరాబాద్, విశాఖ బృందాలను నేను కోరేది ఒక్కటే. విడుదలకు ముందు ఎమ్యులేటర్‌లో నెట్ వేగాన్ని ఎడ్జ్ స్థాయికి దించి, ర్యామ్ తక్కువ పెట్టి, సెర్చ్ తెరిచి తెలుగులో ఒక ఊరి పేరు కొట్టి జవాబు రాకముందే వెనక్కి రండి. ఇరవై సార్లు అలా చేశాక హీప్ తీసి చూడండి. మూసిన తెరలు అక్కడ మిగిలి, వాటిని పట్టుకున్నది మీ కోడే అయితే, ఆ వారం విడుదల ఆపండి.