తప్పు బ్యాటరీదేనా?



మన హాస్టలు ట్యాంకు రాత్రి నిండి, పొద్దునకు ఖాళీ అయితే ఏం చేస్తాము? ఏ కుళాయి కారుతుందో చూస్తాము. కొత్త ట్యాంకు కట్టించము. కానీ మోటారుసైకిలు బ్యాటరీ దిగిపోతే మాత్రం అందరూ "బ్యాటరీ పోయింది, మార్చెయ్" అంటారు. ఇది తప్పు అని నా అభిప్రాయం. ఎందుకంటే మా ఇంట్లోనే జరిగింది.

మా నాన్న పాత బండి కొన్నాడు. దాని మీదే పనికి పోతాడు. రాత్రిపూట తండాలో ఎవరికన్నా బాగోకపోతే ఆసుపత్రికి అదే దిక్కు. రెండు మూడు రోజులు తీయకపోతే సెల్ఫ్ పనిచేయదు, హారన్ మూలుగుతుంది. షెడ్డులో బ్యాటరీ మార్చమన్నారు. అప్పు చేసి మార్చాడు. వారం తిరక్కుండా మళ్ళీ అదే కథ. అప్పుడు తప్పు మా తమ్ముడి మీదకు వచ్చింది. వాడే బండెక్కి ఆడుకుంటూ తాళం తిప్పి వదిలేశాడని నాన్న కొట్టాడు. "నేను కాదు" అని వాడు ఏడ్చాడు. ఎవరూ నమ్మలేదు. నేను కూడా నమ్మలేదు.

సంక్రాంతి సెలవులకు మా బావ వచ్చాడు. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ చదివాడు, మల్టీమీటరు తెచ్చాడు. ఛార్జింగు పెట్టించిన బ్యాటరీని చూస్తే 12.6 వోల్టులు. లోపల 6 గదులు, ఒక్కోదానికి సుమారు 2.1. అంటే నిండుగా ఉంది. ఇంజను స్టార్టు చేసి చూస్తే 14.2. ఇది 13.5 నుంచి 14.5 మధ్య ఉంటే బండి బ్యాటరీని బాగానే నింపుతున్నట్లు. నిండుతుంది, అయినా ఖాళీ అవుతుంది. అంటే ఎక్కడో కారుతుంది!

బండి ఆపి, తాళం తీసేసి, బ్యాటరీ మైనస్ వైరు ఊడదీశాము. ఆ వైరుకూ మైనస్ మొనకూ మధ్య మీటరు పెట్టాము. అమ్మీటరును శ్రేణిలో కలపాలి అని మనం చదివేది ఇదే. ముందు 10 ఆంపియర్ల మీద పెట్టాలి. తక్కువ అని తేలాకే మిల్లీ ఆంపియర్లకు మార్చాలి. మీటరు ఉండగా సెల్ఫ్ నొక్కితే మీటరులో ఫ్యూజు పోతుంది. ప్లస్‌కూ మైనస్‌కూ మధ్య అసలు అలా పెట్టకూడదు. అంకె చదివింది నేనే. 60 మిల్లీ ఆంపియర్లు! ఆపేసిన మామూలు బండిలో దాదాపు ఏమీ ఉండకూడదు. మాది 5 ఆంపియర్ అవర్ల బ్యాటరీ. 5000ని 60తో భాగిస్తే 83 గంటలు. మూడున్నర రోజులకు పూర్తిగా ఖాళీ.

సాగర్ కాలువలో నీళ్ళు తగ్గితే గట్టు వెంట నడిచి గండి వెతుకుతారు కదా, అలాగే వైరు వెంట పోయాము. ఫ్యూజు తీశాము. అంకె తగ్గలేదు. రెగ్యులేటరు సాకెట్టు తీశాము. తగ్గలేదు. ఫ్యూజు తీసినా పారుతుందంటే, ఫ్యూజు కంటే ముందే ఎవరో వైరు కలిపారన్నమాట. చూస్తే ప్లస్ నుంచి ఒక సన్న ఎర్రవైరు హ్యాండిలు మీది సెల్ ఛార్జరుకు పోతుంది. పాత ఓనరు పెట్టించింది. లోపల వాన నీళ్ళు దిగి చిలుము పట్టింది. ఊడదీయగానే సున్నా! కొత్తది పెట్టాలంటే తాళం తిప్పితేనే కరెంటు వచ్చే వైరుకు, మధ్యలో ఫ్యూజు వేసి పెట్టాలంట.

ఇంకో మాట. పూర్తిగా దిగిన బ్యాటరీని అలాగే వదిలేస్తే పలకల మీద సల్ఫేటు గట్టిపడి నిజంగానే పాడవుతుంది. అందుకే వెతకడంలో ఆలస్యం చేయకూడదు.

మేడమ్ గారూ, మన ల్యాబు బీరువాలో కూడా మీటరు ఉంది. ఆడపిల్లలకు ఎందుకు, షాక్ కొడుతుంది అంటారు. గోడ ప్లగ్గులో 230 వోల్టులు ముట్టుకోవద్దంటే న్యాయమే. కానీ బండి బ్యాటరీ 12 వోల్టులు షాక్ కొట్టదు. స్పానరు రెండు మొనలకూ తగిలితే మాత్రం నిప్పురవ్వలు లేచి చెయ్యి కాలుతుంది. అందుకే మైనస్ ముందు తీయాలి, చివర బిగించాలి. తెలిస్తే భయం ఉండదు. శివరాత్రికి కోటప్పకొండ ప్రభల మీద ఎన్ని లైట్లు వెలుగుతాయో! ఆ వైర్లు కలిపేవాళ్ళలో నాకు ఒక్క అమ్మాయి కూడా కనపడలేదు. శనివారం ఒక్క పీరియడ్ ఆ మీటరు మా చేతికి ఇవ్వండి.

ఫ్రెండ్స్, మన రూములో ఏదన్నా పోతే మనం కూడా వెంటనే ఎవరో ఒకరి పేరు చెప్పేస్తాము. ముందు వెతుకుదాం, తర్వాత అందాం.

ఆ రోజు నాన్న ఏమీ అనలేదు. తమ్ముణ్ణి బండి మీద ముందు కూర్చోబెట్టుకుని తండా చుట్టూ తిప్పాడు. నేను మాత్రం వాడికి ఇంకా సారీ చెప్పలేదు. ఈసారి సెలవులకు పోయి చెప్తాను.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని,
నరసరావుపేట.